చెవిరాయి

కాడ్ చేప చెవిలో ఓ రాయి ఉంటుంది,
కందిబద్దంత.
అడ్డంగా కోసి కింద దీపం పెడితే
ఏడాదికో వలయం.
ముప్పై ఒక్క ఏళ్లుగా వాటిని లెక్కపెట్టడమే
స్టెయిన్వర్ ఉద్యోగం.

ఈసాఫ్యోర్దుర్‌లో సూర్యుడు
నవంబరు చివర్లో కొండ వెనక్కి పోయి
జనవరి ఆఖరుదాకా ముఖం చూపించడు.
ఆ చీకటి నెలల్లోనే మా గదికి
తలుపంత పెట్టెలో కొత్త తెర దిగింది.
ఎనభై మూడు లక్షల చుక్కలట.
కంప్యూటర్ మాత్రం పాతదే,
మార్చడానికి ఈ ఏడు పద్దు లేదు.

దాని మూతి వేరు, దీని నోరు వేరు.
నడుమ మాట కలిపే బుల్లి ముక్క ఒకటి కావాలి.
"ఓర్రీ, నువ్వే చూడు" అన్నారు.
కుర్రాణ్ని కదా, తీగలన్నీ నాకు చుట్టాలనుకున్నారు.

సొరుగులో వెతికితే నీలం మూతిది దొరికింది,
పదిహేను సూదుల పాతకాలపు వీజీఏ.
బిగించాను. బొమ్మ వచ్చింది.
స్టెయిన్వర్ కళ్లద్దాలు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.
"రాయిని పాలలో ముంచావా?"
తొమ్మిదేళ్ల చేప ఏడేళ్లదయింది.
రెండు చలికాలాలు
పక్కవాటిలో కరిగిపోయాయి.

పెట్రోలు బంకులో చవగ్గా ఒకటి తెచ్చాను.
ఈసారి గీతలు సూదిమొనల్లా ఉన్నాయి.
కానీ రాయిని పక్కకి జరిపితే
అది ఆలోచించి, ఆలోచించి కదిలేది,
మంచులో బూట్లు కూరుకుపోయిన మనిషిలా.
ఏడు, ఎనిమిది... ఎక్కడున్నాం?
మళ్లీ ఒకటి నుంచి.
మధ్యాహ్నానికి ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది.

రేవు దగ్గర కేటిల్ కొట్టు.
పడవల రాడార్లకి విడిభాగాలు, బ్యాటరీలు, ఉప్పు పట్టిన తీగచుట్టలు.
నాడి చూసే వైద్యుడిలా అడిగాడు:
ఎందులోంచి బయల్దేరాలి?
ఎందులోకి చేరాలి?
కొన్ని ఇటునుంచి అటు పోతాయి గానీ
అటునుంచి ఇటు రావు,
పెట్టె మీద బాణం చూసుకోకుండా కొన్నవాళ్లు
ఇక్కడికొచ్చి నన్ను తిట్టిపోతారు.
తీగ ఎంత పొడుగు? రెండు మీటర్లు చాలు,
మరీ పొడుగైతే దారిలోనే సగం మాట మింగేస్తుంది.
"నీ చవకది సెకనుకి ముప్పైసార్లే గీస్తోంది.
అరవై కావాలి.
చెప్పింది చెప్పినట్టు మోసుకుపోయే ముక్క కాదు,
లోపల చిప్ ఉండి, విని,
అవతలి భాషలో తిరిగి చెప్పేది కావాలి."
ధర చెప్పాడు. గుటక మింగాను.
"మరి దుబాసీకి జీతం ఇవ్వవా?"

కొట్లో లేదు. రేక్యావిక్ నుంచి రావాలి.
నాలుగు రోజులు గాలి. విమానం రెండుసార్లు
మా ఊరి మీద చక్కర్లు కొట్టి వెనక్కి పోయింది.
అయిదో రోజున దిగింది, అగ్గిపెట్టెంత.

బిగించాను.
రాయి తెర నిండా తెరుచుకుంది.
జరిపితే జరిగింది, ఆపితే ఆగింది.
నేనూ లెక్కపెట్టాను, ఆవిడ కంటే ముందే అరిచాను:
"పన్నెండు! పాత పుస్తకంలో పదకొండని రాశారు,
ఇదిగో, ఈ సన్న గీత, ఇన్నాళ్లూ కనబడనేలేదు!"

స్టెయిన్వర్ దగ్గరికి జరిగింది.
చాలాసేపు ఏమీ అనలేదు.
"ఇది ఏడాది కాదు, ఓర్రీ.
చుట్టూ తిరిగి రాలేదు చూడు, ఇక్కడ తెగింది.
ఏదో ఒక వేసవి, దీనికి తిండి దొరకలేదు.
పదకొండే."
పదకొండే రాసింది.
పక్కన పెన్సిల్‌తో, చిన్న అక్షరాల్లో: ఆకలి.

నీలం మూతిదాన్ని చెత్తబుట్టలో వేయబోతే చెయ్యి పట్టుకుంది.
అది మళ్లీ సొరుగులోకి పోయింది.

జనవరి ఇరవయ్యయిదున, ఆనవాయితీ ప్రకారం,
పల్చటి తీపి అట్లు చుట్టి, కాఫీ కాచి,
ఊరంతా కిటికీల దగ్గర నిలబడ్డాం.
కొండ భుజం మీంచి సూర్యుడు
తిన్నగా వచ్చి మా తెర మీద కూర్చున్నాడు.
వలయాలన్నీ మాయం.
స్టెయిన్వర్ అట్టు నములుతూనే
"కర్టెన్ వెయ్యి" అంది.