చవక గంట

మధ్యాహ్నం మూడు కావస్తుండగా
ఫోను ఒకసారి వణుకుతుంది.
రేపటి కరెంటు ధర వచ్చిందన్నమాట.
ఇరవైనాలుగు కడ్డీలు పక్కపక్కన,
కొన్ని పచ్చగా పొట్టిగా,
కొన్ని ఎర్రగా నిటారుగా.
మా తార్తు ఊరికి ఇదే పంచాంగం.
ఎప్పుడు బట్టలుతకాలో, ఎప్పుడు నీళ్లు కాచుకోవాలో,
ఏ గంట వర్జ్యమో అది చెప్తుంది.
మేం వింటాం.

సముద్రం మీద గాలి లేస్తే చవక.
గాలి పడుకుంటే మేం మేలుకుంటాం.
గాలివాటం మనిషని మా మామను తిట్టేవాణ్ణి,
ఇప్పుడా మాట వాపసు తీసుకున్నాను.

రాత్రి రెండింటికి
ఐదంతస్తుల మా కాంక్రీటు డబ్బా
ఒక్కసారిగా తిరగడం మొదలుపెడుతుంది.
రెండో అంతస్తులో మా వాషింగ్ మెషీను,
పైన ఆర్వెద్ వాళ్లది,
ఎదురింట్లో నర్సు త్రీనుది.
త్రీను నాలుగింటికే తలంటుకుని డ్యూటీకి బయల్దేరితే
బస్టాపు చేరేలోగా జుట్టు గడ్డకట్టి
పుల్లల్లా చప్పుడు చేసిందట.
నవ్వుతూనే చెప్పింది.
పియానోలకు శ్రుతి చేసి చేసి రిటైరైన హెల్దుర్
మెట్ల దగ్గర నన్నాపాడు:
"మీ మెషీను అర స్వరం దిగింది. బేరింగు చూపించు."
ఆయనకు నిద్ర లేదు.
మాకూ లేదు.
మాకు మాత్రం నెలకు పదకొండు యూరోలు మిగులుతున్నాయి.

పదకొండు యూరోలు!
గాలి ఉన్నప్పుడే కదా తూర్పారబట్టుకోవాలి.
నవంబరులో ఒక తుఫాను రాత్రి
ధర సున్నా దాటి కిందికి పోయింది.
వాడితే ఎదురు డబ్బులిస్తారట.
నేనూ కాద్రీ లేచి
ఓవెన్ వేశాం, ఇస్త్రీపెట్టె వేశాం,
ఉతికిన దుప్పట్లే మళ్లీ ఉతికాం.
ఇంకేం చెయ్యాలో తోచక
వంటింట్లో నిలబడి కాసేపు పోట్లాడుకున్నాం,
చవగ్గా.

కింది అంతస్తులో విర్వె ఉంటుంది.
ఆవిడ ఫోనుకు మీటలున్నాయి, బొమ్మల్లేవు.
గురువారం సాయంత్రం ఆరింటికి
నల్లటి రై రొట్టె కాలుస్తుంది.
ఆరింటికి!
రోజు మొత్తంలో అతి పొడుగాటి ఎర్ర కడ్డీ మీద!
కూర్చుని లెక్కగట్టి చెప్పానొకసారి,
వారం వారం తొంభై సెంట్లు దండగ అని.
"నలభై ఏళ్లుగా అది ఆరింటికే పొంగుతోంది.
ఆ లెక్కేదో పిండికి చెప్పు" అంది.

జనవరిలో గాలి చచ్చిపోయింది.
మైనస్ ఇరవైమూడు.
కడ్డీలు వెళ్లి తెర చూరుకు తగిలాయి.
దీపాలార్పి కోట్లు వేసుకుని
పది ఎప్పుడవుతుందా అని చూసేవాళ్లం.
మా మిర్తెల్‌కు ఆరేళ్లు.
సోఫా చివర్నుంచి అడిగింది:
"నాన్నా, ఇప్పుడు ఆకలి చవకేనా?"

నేను ఫోను చూశాను.
అవును, చూశాను.
చూసి,
"ఇంకాసేపు ఆగమ్మా" అన్నాను.
కాద్రీ ఏమీ అనలేదు.
ఏమీ అనకపోవడానికి కరెంటు అక్కర్లేదు.

కాసేపటికి సోఫా ఖాళీ.
తలుపు ఓరగా తీసి ఉంది.
మెట్ల నిండా రొట్టె వాసన.
గురువారమని అప్పుడు గుర్తొచ్చింది.
విర్వె వంటింట్లో
ఓవెన్ అద్దానికి ముక్కు ఆనించి నేలమీద మిర్తెల్,
పక్కన స్టూలు మీద, కాస్త సిగ్గుపడుతూ,
సొంత వెన్నకత్తి తెచ్చుకున్న హెల్దుర్.
"ఎంతుంది ఇప్పుడు?" అంది విర్వె
నా జేబు వంక చూస్తూ.
"చవకే" అన్నాను.
"అబద్ధాలాడకు. ఆరింటికి ఎప్పుడూ ప్రియమే.
కూర్చో."

అంచు తుంచి చేతిలో పెట్టింది.
నాలుక కాలింది.

ఆ రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది.
అలారం పెట్టలేదు, ఒళ్లే మోగింది.
వెళ్లి మెషీను మీట నొక్కాను.
పదకొండు యూరోలు పదకొండు యూరోలే మరి.
గోడ అవతల్నుంచి హెల్దుర్
రెండుసార్లు తట్టాడు:
బేరింగు.