కొసరు

గుణుపురం నుంచి సంతకెళ్లే జీపు మీద
మా ఉప్పు బస్తాలూ ఆమె ఉప్పు బస్తాలూ
ఒకదాని మీద ఒకటి ఎక్కేవి.
దిగాక వేరు.
మాది రేకుల పాక కింద,
తబితమ్మది ఎదురుగా, గోనెపట్టా మీద, ఎండలో.

మా నాన్న సోల ఇనపది.
అడుగున వేలు మందాన లక్క.
ఎనిమిదో ఏట తెలిసింది నాకు.
కడుగుతూ లోపల తడిమి
"ఇదేటి నాన్నా" అంటే
"మీ తాత పోసేడు, గోకకు" అన్నాడు.
ఇల్లూ, పాకా, ఆ లక్కా,
మాకు వారసత్వం.

చీకటుండగా బయల్దేరి
కొండ దిగి వచ్చేవారు సవరలు,
చింతపండు, కొండచీపుళ్లు, పసుపు కొమ్ములు మోసుకుని.
నాన్న తలకొట్టి కొలిచేవాడు,
అరచేతి అంచుతో, కత్తి గీసినట్టు.
ఎదురుగా తబితమ్మ
సోల మీద ఉప్పు గోపురం కట్టేది,
జారేదాకా పోసేది,
జారిందాన్ని కూడా దోసిట్లోకెత్తి
"ఇది కొసరే అప్పా" అనేది.
"కిరస్తానం మనిషి, బేరం తెలీదు"
అని నాన్న నవ్వేవాడు.
ఆమె మతం గురించి
మా ఇంట్లో జరిగిన చర్చ అంతే.

ఒకసారి సుంబారి అనే సవర ముసలమ్మ
కుండ చూపించి అడిగింది, వచ్చీరాని తెలుగులో:
"ఆ బాబు మూడు పోస్తే ఇంతే.
నువ్వు రెండు పోస్తే ఇంత.
నీ ఉప్పు ఉబ్బుతాదా?"
తబితమ్మ మా వైపు చూడలేదు.
"కొత్తుప్పు కదే, తడి" అంది.
ఆమె నోట నేను విన్న మొదటి అబద్ధం.
మా కోసం ఆడింది.

వంశధార పొంగిన ఏడు నాన్నకి పచ్చకామెర్లు.
ఐదు సంతలు మంచం మీదే.
బస్తా ఎత్తలేని వయసు నాది.
తబితమ్మ గుమ్మంలోనే నిలబడి అమ్మతో మాట్లాడి
మా బస్తాలు తన బస్తాలతో ఎక్కించుకుపోయింది.
ముందు మాది అమ్మేదట,
పొద్దు మిగిలితే తనది.
సాయంత్రం కొంగు ముడి విప్పి
చెమట నోట్లూ చిల్లరా మంచం కోడు దగ్గర పెట్టి
"తక్కువొచ్చింది బాబూ,
మీ సోల కనపళ్లేదు, నా సోలతో కొలిచేను" అంది.

కనపడకపోవడమేంటి,
బస్తా మూతికి నేనే కట్టి పంపాను.
ఇది రెండో అబద్ధం.

నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు.
ఆ డబ్బు లెక్కపెట్టలేదు.

లేచాక మళ్లీ అదే సోల, అదే అరచెయ్యి.
మనుషులు అంత తేలిగ్గా మారతారని నేను రాయను.
ఒక్క సుంబారి వచ్చినప్పుడు మాత్రం
చెయ్యి అడ్డంగా లాగడం మర్చిపోయేవాడు.

తబితమ్మ పోయిన రోజు
వాళ్ల ప్రార్థన గదికి మొదటిసారి వెళ్లాను.
లోపల పాతికమంది.
బయట సంతంత జనం.
ఊరికి కొత్త పాస్టరు, పాపం, బిత్తరపోయి
"మీకేమవుతారు ఈమె?" అని అడిగాడు.
ముందు వరసలో ఒకామె కాసేపు వెతుక్కుని
"ఉప్పు" అంది.

ఆ రాత్రి సోలని నిప్పుల మీద బోర్లించాను.
మాడిన వాసన ఇల్లంతా.
కరగనిది స్క్రూడ్రైవరుతో గోకాను.
నాన్న దగ్గుతూ, మేలుకునే ఉన్నాడు,
వద్దనలేదు.

నేను బాప్తిస్మం తీసుకోలేదు.
తీసుకోవా అని అడిగేవాళ్లకి
ఏం చెప్పాలో ఇంకా తేలలేదు.
ఇప్పుడు కాటా వచ్చింది, ప్యాకెట్లొచ్చాయి,
సోల ఎవరికీ అక్కర్లేదు.
అయినా చింతపండో పప్పో తూచి
ముల్లు నిలబడ్డాక
చెయ్యి ఊరుకోదు, ఇంకో గుప్పెడు వేస్తుంది.
"ఎందుకయ్యా" అంటారు కొందరు.
"కొత్త సరుకు, తడి" అంటాను.

సోల అటక మీద ఉంది.
అడుగు అంచున లక్క
ఇంకా కొంచెం పట్టే ఉంది.