చిత్తం

ఫ్రేజర్‌బర్గ్‌లో బుధవారం సాయంత్రాలు
చేపల ఫ్యాక్టరీ షిఫ్టు దిగి
చేతులకు నిమ్మచెక్క రుద్దుకుని
వాక్యధ్యానానికి వెళ్తాను.
హాల్లో హీటరు ఒకవైపే కాగుతుంది.
ఆ వైపు కుర్చీలు ముందే నిండిపోతాయి.
రక్షణ సంగతి మాట్లాడేవాళ్లయినా
చలి చలే.

ఎల్డర్ ఆలెక్ బకన్‌ది
గాలికి ఎదురు అరిచి అరిచి గట్టిపడిన గొంతు.
"జగత్తుకు పునాది పడకముందే
ఎవరు ఒడ్డెక్కాలో ఎవరు మునగాలో
రాసిపెట్టి ఉంది.
మనకు చదవడం రాని చిట్టా అది.
చదవలేనంత మాత్రాన లేకుండా పోదు."

ఇజొబెల్ టేట్ అల్లిక ఆపదు.
"మా కాలమ్ పేరు అందులో ఎటువైపుంది ఆలెక్?
పందొమ్మిదేళ్లవాడు. బాప్తిస్మం వద్దన్నాడు.
నా కీర్తనల పుస్తకం వెనక సిగరెట్లు దాచేవాడు.
ఫిబ్రవరి సముద్రం తీసుకుపోయింది,
తిరిగి ఇవ్వలేదు.
రాయి కింద వాడి బూట్లు పాతిపెట్టాం.
ముంచడానికే చేశాడా వాణ్ని, నీ దేవుడు?"

కుర్ర పాస్టరు గొంతు సవరించుకుని
దేవుడు నిర్ణయించడం వేరు,
జరగనివ్వడం వేరు అన్నాడు.
"తోసినవాడు వేరు,
చెయ్యి అందేంత దూరంలో ఉండి చూసినవాడు వేరూనా?"
ఇజొబెల్ అల్లిన వరుస ఒకటి ఊడదీసింది.
పాస్టరు బిస్కెట్ల పళ్లెం ముందుకు జరిపాడు.

ఉన్నట్టుండి ఆలెక్ నావైపు తిరిగాడు.
"మీ భాషలో దేవుని ఇష్టాన్ని ఏమంటారు?"
చిత్తం, అన్నాను.
అక్కడితో ఆపేశాను.
మిగతాది ఇంగ్లీషులోకి రాదు.

మా తాత పుల్లయ్య
చెప్పులు చంకలో పెట్టుకుని
దొర వాకిట్లో రోజుకు వందసార్లు అన్న మాట అది.
చేలోకి పదరా. చిత్తం.
కూలికి రేపు రారా. చిత్తం.
నీ గొడ్డును మా దొడ్లో కట్టెయ్యరా. చిత్తం.
కాలవలో మునిగి ఫిలేమోనుగా లేచాక
ఇక ఆ మాట పైవాడికే, ఇంకెవరికీ ఇవ్వనన్నాడు.
చింతబరికెలు విరిగాయి.
మాట విరగలేదు.

ఆ దెబ్బలు ఎవరి చిత్తం తాతా
అని చిన్నప్పుడు అడిగాను.
వీపు గోడకు ఆనించబోయి, ఆనించక,
చాలాసేపు అరచేతిలో పుగాకు నలిపాడు.
"దెబ్బలు దొరవే.
దేవుడి నెత్తిన రుద్దమాక.
పొద్దున నన్ను లేపి నిలబెట్టిందెవరో, అది అడుగు."
అది జవాబో, దాటవేతో
నాకిప్పటికీ తేలలేదు.

ప్రార్థన ముగిసింది.
నేనూ ఇజొబెలూ కప్పులు కడుగుతున్నాం.
ఆ మాట మళ్లీ చెప్పమంది.
ఆవిడ నాలుక మీద త నిలవదు.
చిట్టం, అంది. చిట్టం.
నా చెవికి మళ్లీ చిట్టాయే వినబడింది.

కిటికీ అవతల, కార్ పార్కులో
ఆలెక్ టోపీ చేతపట్టుకుని
వానలో ఊరికే నిలబడి ఉన్నాడు.
"ఆ రోజు స్కిప్పరు ఆయనే," అంది ఇజొబెల్,
నీళ్లలోంచి కళ్లెత్తకుండా.
"గాలి తిరుగుతుందని అందరూ పడవలు కట్టేసుకుంటే
తాడు విప్పమన్నది ఆయనే.
హెలికాప్టరుకు దొరికింది కూడా
ఆయన ఒక్కడే.
అది దేవుడు రాసింది కాకపోతే
ఎవరు రాసినట్టు?"

కప్పు బోర్లించింది.
"అందుకే ప్రతి బుధవారం వాదిస్తాను.
గెలవను."

చేతులు తుడుచుకుని
సంచిలోంచి ఆ మఫ్లరు తీసి
కొలత కోసం నా మెడకు చుట్టింది.
రెండు చుట్లు తిరిగినా ఇంకా మిగిలింది.
ఎవరిదో పెద్ద మెడ.
"చాలదు," అంది,
"ఇంకో నాలుగు వరుసలు వెయ్యాలి."