లా

సులైబియా జైల్లో మంగళవారం పూట
కొత్తోళ్లని కూర్చోబెట్టే గదికి నన్ను పిలుస్తారు.
టీ అందించడానికి కాదు,
తెలుగు అందించడానికి.

డాక్టరు మిస్రీ ఆయన. మంచోడే.
ఫారం మీద పది ప్రశ్నలు,
ఒక్కోదానికి రెండు గడులు.
అరబ్బీలో అవునంటే ఐవా.
లేదంటే లా.

ఈ రోజు లింబాద్రి. భీంగల్ దగ్గర ఊరంట.
అబ్దలీలో రెండేళ్లు గొర్రెలు కాశాడు.
అకామా లేక దొరికాడు,
జేబులో నాలుగు బిల్లలతో.

"తాగుతావా?"
"కల్లు గూడ తాగుడేనా అన్నా?
మా దిక్కు పాలోనికంటె ముందు సీస వస్తది."
"దాంట్లో ఏం కలుపుతారు?"
"కలిపెటోనికి ఎరుక.
తాగెటోనికి నిద్ర ఎరుక."

ఫారంలో కల్లుకి గడి లేదు.
ఈతచెట్టంటే ఏందని డాక్టరు అడిగితే
కిటికీలోంచి ఖర్జూరం చూపించినా,
దీని చెల్లెలు సార్ అని.

"మరి ఆ బిల్లలు?"
"ఎడారిల రాత్రి ఒడువదన్నా.
గొర్లు పండుకుంటయి, నేను పండుకోను.
బంగ్లా పిలగాడు ఇచ్చిండు. ఎనిమిది నెలలాయె, రోజూ."
గొంతు తగ్గించాడు.
"గది చెప్పకు. ఏది అడిగినా లేదను.
కేసు మీద కేసు అయితది."

డాక్టరు చేతులు చాపమన్నాడు.
వేళ్ల మీద తెల్లకాగితం పరిచాడు.
గదిలో గాలి లేదు.
కాగితం కొట్టుకుంటానే ఉంది.

మూడేళ్ల కింద ఈ బల్లకి అటుపక్క నేను.
పది ప్రశ్నలకి పది లాలు.
పాస్‌పోర్టు మీద ముద్రేస్తారని ఎవరో చెప్పినారు.
మూడో రాత్రి గోడ నిండా చీమలు.
ఏసీ చలి అన్నా పోలీసుతో.
పళ్ల కింద నాలుక తెగింది.
ఆస్పత్రిలో నా పేరు చెప్పి, నువ్వేనా అని అడిగితే
దానికీ లా అన్నానంట.

తెలుగులో లా అంటే లేదని కాదు.
ఒకటి ఇంకోదానిలా అని.
లింబాద్రి చేతులు
నా చేతుల్లా.

"ఏమంటాడు?"
డాక్టరు పెన్ను ఎత్తి పట్టుకున్నాడు.

ఈ పనికి కుదిరినాక
ఒకరి మాట ఒక్కటీ మార్చలేదు నేను.
ఐవా, అన్నా.
బిల్లలు. ఎనిమిది నెలలు. రోజూ.

లింబాద్రికి అరబ్బీ అంటే
గొర్రెల్ని అదిలించే నాలుగు మాటలే.
ఐవా వాటిలో ఉన్నట్టుంది.
నా వైపు చూశాడు, తిట్టలేదు.
చేతులు వెనక్కి లాక్కున్నాడు.

కాగితం కింద పడింది.
వంగి తీసినా.
రెండు వేళ్ల మీద పెట్టుకుని
కదలకుండా పట్టుకున్నా చానాసేపు,
వాడికి కనబడేలా.