తీసిన అడుగు

పోయిన అక్టోబరులో ఒక మంగళవారం
గడప మీద ఆగిపోయింది నోయెలియా.
కుడికాలు గాల్లో, చేతిలో బేకరీ ఏప్రన్.
నలభై నిమిషాలు.
తీసిన అడుగు వేయడం
ఎలాగో మరిచిపోయినట్టు.

పంతొమ్మిదేళ్ళది.
కేకు డబ్బాలకు ఎర్ర దారం కట్టే ఉద్యోగం.
ముడి పడగానే "అయిపోయింది!" అని అరిచేది.
లెడ్‌విల్‌లో సగం ఇళ్ళకి
కేకు కంటే ముందు ఆ కేక చేరేది.

మంచు పడే వేళకి
చెంచా తెలియదు, తమ్ముడి పేరు తెలియదు,
నిద్ర తెలియదు.
"డౌన్ సిండ్రోమ్ కదా, పెద్దవుతుంటే అంతే"
అన్నాడు మొదటి డాక్టరు, కంప్యూటరు వైపు చూస్తూ.
ఆ 'అంతే'కి
కుర్చీ వెనక్కి పడేలా లేచింది గ్రసియెలా.
పుట్టుకతో వచ్చిందేదో మాకు తెలుసండీ,
పంతొమ్మిదేళ్ళుగా దానితో కలిసే భోంచేస్తున్నాం.
ఇది అది కాదు.

అలా డెన్వర్ చేరాం.
మూడు మందులు. ఏది ఎవరికో
చీటీ తీసేది కంప్యూటరు.
"వీటిలో ఏది మంచిదో మీకు తెలుసా?"
"తెలిస్తే చీటీ ఎందుకు?" అంది డాక్టర్ ఓక్లీ.
ఆ ఒక్క మాటకే ఆమెని నమ్మాను.

ఆమె మా పిల్ల చెయ్యి పైకెత్తి వదిలేస్తుంది.
చెయ్యి అక్కడే ఉండిపోతుంది,
ఎవరో తగిలించి మరిచిపోయిన కోటులా.
నర్సు సెకన్లు లెక్కపెడుతుంది.
మంచు తోసే ట్రక్కు నడిపేవాణ్ణి నేను;
తోసిన దారి నా వెనకే పూడుకుపోవడం
కొత్తేమీ కాదు.
అయినా ఆ సెకన్లు వినలేక
కిటికీ దగ్గరికి పోతాను.

రోజూ రాత్రి గ్రసియెలా కాగితం నింపుతుంది.
తిన్న చెంచాలు: ఆరు. పడుకున్న గంటలు: రెండు.
మాటలు:
ఎంత గుండ్రంగా రాస్తుందో ఆ సున్నాని!

పదకొండో వారం, తిరుగు ప్రయాణం.
కొండ కింద సొరంగం.
చిన్నప్పటి నుంచీ ఇక్కడ నోయెలియాదే చట్టం:
అవతలి వెలుగు కనబడేదాకా
కారులో ఎవరూ ఊపిరి తీయకూడదు.
రెండు మైళ్ళకు కాస్త తక్కువ, ఎవరి తరమూ కాదు.
సగంలో తనే దొంగతనంగా ముక్కుతో పీల్చేది,
పైగా నన్ను పట్టించేది.

దీపాలు అద్దం మీద జారిపోతున్నాయి.
వెనక సీటులో శ్వాస ఆగింది.
గ్రసియెలా నా మోచెయ్యి పట్టుకుంది.
వెనక్కి తిరిగే ధైర్యం లేదు ఇద్దరికీ.
నేనూ బిగబట్టాను.

సగం దాటాక
చిన్న చప్పుడు.
ముక్కుతో.
ఎవరూ వినకూడదన్నంత మెల్లగా.

తరువాతి నెల బెర్నడెట్ కలం తీసి అడిగింది:
మాటలు? లేవు.
చెయ్యి? అలాగే నిలబడుతోంది.
ఇంకేమైనా?
"మోసం చేసింది" అన్నాను.
ఆమె కలం ఆగింది.
దానికి కాగితంలో గడి లేదు.
అంచున, ఇరుకులో, నేను చెప్పిందంతా రాసుకుంది;
'మందు వల్లేనా' అన్న చోట మాత్రం
ఏమీ రాయలేదు.