214, చెప్పండి

పోర్టు గేటు పాసుల గదిలో
రెండు యంత్రాలు పక్కపక్కన.
ఒకటి పని చేస్తుంది.
రెండోది వింటుంది.

వినడమే దాని ఉద్యోగం.
సెకనుకోసారి తీగ మీద
"ఉన్నాను" అంటుంది మొదటిది.
"ఉన్నావు" అనుకుంటుంది రెండోది.
అంతకు మించి ఆ రెండింటికీ మాటల్లేవు.

ఆ రాత్రి రెండూ పదిహేడుకి
"ఉన్నాను" రాలేదు.
ఇంకో సెకను. రాలేదు.
పది లెక్కపెట్టమని చెప్పి ఉంచాం దానికి,
పది లెక్కపెట్టింది.

బయట కాన్వెంట్ జంక్షన్ దాకా లారీలు.
బొగ్గుపొడి నంజుకుంటూ టీ తాగుతున్న డ్రైవర్లు.
గేటు కిటికీలో గుంప ఎర్రయ్య
పాసు కాగితం కోసం చాపిన చెయ్యి.

పేరు తీసుకునే ముందు
రెండో యంత్రం చెయ్యాల్సింది ఒకటుంది,
కొత్తగా చేరినవాళ్ళకి గొంతు తగ్గించి చెబుతాను:
మొదటిదాని కరెంటు పీకెయ్యాలి.
చచ్చిందో లేదో చూడ్డానికి కాదు,
చచ్చిందని ఖాయం చేసుకోడానికి.
ఒకే పేరుతో రెండు బతికుంటే
ఒకే లారీకి రెండు పాసులు,
ఒకే బెర్తుకి రెండు ఓడలు,
ఏది నిజమో లెక్కల పుస్తకానికే తెలీదు.

టక్‌మని ఒక చప్పుడు.
ఒక ఫ్యాను మెల్లగా తిరుగుడు మరిచిపోయింది.

అప్పుడు రెండోది వీధికెక్కి అరిచింది,
ఎవరూ అడక్కపోయినా:
"ఆ అడ్రసు ఇకనుంచి నా గుమ్మం."
స్విచ్చి మారుమాట్లాడలేదు.
పోస్టుమాన్ లాంటిదది,
ఇంటి నంబరు చూస్తుంది, మొహం చూడదు.

ఎర్రయ్య ముందున్న తెర ఒక్కసారి రెప్ప వేసింది.
"ఏటైనాదండీ?"
"ఏం లేదు."
కాగితం వచ్చింది. లారీ కదిలింది.

కిటికీలోంచి యారాడ కొండ, దాని మీద లైట్‌హౌస్.
అక్కడ దీపం మాడిపోతే పక్కదీపం లేస్తుందట.
సముద్రంలో ఉన్నవాళ్ళకి తెలీదట.
వాళ్ళు దీపాన్ని చూడరు,
మెరుపుకీ మెరుపుకీ మధ్య చీకటిని లెక్కపెడతారు.
ఆ చీకటి కొలత మారకపోతే
అది వైజాగే.

తెల్లారాక యంత్రాల వెనక్కి పాకాను.
మొదటిదానికి ఏ జబ్బూ లేదు.
ఉప్పుగాలికి చిలుమెక్కిన కనెక్టరు ఒకటి,
వేలెడు కూడా లేదు.
"ఉన్నాను" అంటూనే ఉందది,
తీగ మోసుకెళ్ళలేదు, అంతే.
లాగ్ తెరిచాను. కరెంటు పోయే ముందు
చివరి వరుస:
అంతా సవ్యం.

రిపోర్టులో "మార్పిడి విజయవంతం,
అంతరాయం పద్నాలుగు సెకన్లు" అని రాశాను.
అబద్ధం కాదు.

గౌరీపతి గారి గురించి రాయలేదు.

214 ఆయన ఫోను, ఇరవై రెండేళ్ళుగా.
పోయిన వానాకాలం మూడు షిఫ్టులు రాలేదు, కబురు లేదు.
నాలుగో రోజు నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి
ఆయన కార్డు ఆపేశారు.
ఫోనెత్తితే "గౌరీపతి గారేనా?"
మొదట్లో కాదని నా పేరు చెప్పేవాణ్ణి.
"అయితే ఆయన్ని పిలవండి" అనేవాళ్ళు.
తర్వాత్తర్వాత "214, చెప్పండీ" అనడం నేర్చుకున్నాను,
ఆయన్లాగే చివర కాస్త సాగదీసి.
పనులు జరిగిపోయాయి.

ఆయన ఎక్కడికీ పోలేదు.
కేజీహెచ్‌లో ఒక మంచం మీద టైఫాయిడ్‌తో,
తలగడ కింద ఛార్జింగ్ అయిపోయిన ఫోనుతో ఉన్నాడు.
పదకొండో రోజు గేటు దగ్గర కార్డు ఆనిస్తే
ఎర్ర లైటు.
గార్డు బల్ల మీది ఫోను తీసి
తనకి గుర్తున్న ఒకే ఒక నంబరు నొక్కాడు.

"214, చెప్పండీ."

అవతల ఏమీ లేదు.
అలవాటు కొద్దీ నేను లెక్కపెట్టాను.
ఏడు దగ్గర ఆయన గొంతు:
"పాసులు బాగానే వస్తన్నాయా, బాబూ?"

మధ్యాహ్నం కొత్త కనెక్టరు బిగించి
మొదటి యంత్రాన్ని లేపాం.
పేరు వెనక్కివ్వలేదు.
మళ్ళీ మారిస్తే మళ్ళీ ఓ పద్నాలుగు సెకన్లు,
లైన్లో లారీలు, ఎందుకులే అన్నారు పైవాళ్ళు.

ఇప్పుడది వింటోంది.