ఏడో నంబరు

రాత్రి పదకొండుకి నేను కుర్చీలో కూచునేసరికి
పద్నాలుగు పొయ్యిలు మండుతూ ఉంటాయి.
మండపేటలో మూడు, ద్వారపూడిలో రెండు,
మిగతావి కాలవ పొడుగునా, ఉప్పుడు బియ్యం మిల్లుల్లో.
ఇక్కడ రాజమండ్రిలో, ఈ చల్లటి గదిలో,
నిప్పుకి వాసన లేదు.
ఆకుపచ్చ అంకెలు
అయిదు సెకన్లకోసారి రెప్ప వేస్తాయి, అంతే.

ఏడో నంబరు నూకరాజు గారిది.
పేరులో నూక, చేతిలో ఊక.
మనిషిని చూడలేదు, గీతని చూశాను.
ఊక ఎగదోసే చెయ్యి ఎవరిదో
ఆవిరి గీతలో తెలిసిపోతుంది.
కుర్రాళ్ళది రంపం పళ్ళు:
ఒక్కసారే గుమ్మరించి
పొగగొట్టం నల్లగా దగ్గితే గానీ లేవరు.
ఆయనది
పంటబోదెలో నీళ్ళు నడిచినట్టుంటుంది.

రెండున్నరకి మాత్రం చిన్న గుంట.
తొమ్మిది నిమిషాలు. రోజూ.
మొదటి నెల రిపోర్టులో ఎర్రగా గుర్తు పెట్టాను.
ఓనరు గారు అడిగించారట.
"తొట్లో ధాన్యం నానిందో లేదో
గింజ కొరికి చూడ్డానికెళ్తానండి.
ఆ మాత్రానికి బాయిలరేం అలగదండి" అన్నారట.
కొరికి చూసే సెన్సారు మా దగ్గర లేదు.
ఎర్ర గుర్తు తీసేశాను.

మా నాన్న లాకు దగ్గర లస్కరు.
వరదొస్తే గంటగంటకీ లాంతరు పట్టుకుని మెట్లు దిగి
నీటి అంచు ఏ తెల్లగీతని తాకిందో చూసొచ్చి
నల్ల ఫోనులో అరిచేవాడు:
"పది పాయింటు ఆరు! ఆయ్, ఆరండీ!"
ఎగువన భద్రాచలంలో ఎన్నడుగులో వింటే చాలు
దిగువన లంకల్లో గేదెల్ని గట్టెక్కించేవాళ్ళు.
కనపడని నీటిని అంకెలో చూడ్డం
మా ఇంట్లో పాత విద్యే.
ఆయనకి మోకాళ్ళ దాకా తడిసేది.
నాకు కళ్ళు ఎండుతాయి.

అట్లతద్ది వెళ్ళిన వారం వాయుగుండం.
ఒంటిగంటా ఇరవైకి
ఏడో నంబరు బూడిదరంగయింది.
సున్నా కాదు. సున్నా అయితే ఏదో ఒకటి తెలిసినట్టే.
ఆఖరి అంకె: ఆవిరి ఏడున్నర, ఎక్కుతూ.
ఎక్కుతూ, అక్కడే ఆగిపోయింది.

పదిసార్లు చేశాక ఏ టవరు కనికరించిందో,
ముందు వాన వినపడింది,
దాని కింద, ఫ్యాను ఆగిపోయిన నిశ్శబ్దం.
"కరెంటు పోయిందండి. నిప్పు లాగేశాను.
వాల్వు ఓ కూత కూసిందండి, తర్వాత ఊరుకుంది."
"ప్రెషరెంతుందండీ?"
"గేజీ అద్దం నిండా మసి. తుడవమంటారా?"
తుడవండి అన్నాను.
గుడ్డ రుద్దిన చప్పుడు.
"అయిదండి. ముల్లు దిగుతోంది."

అయిదు. పెన్ను వెతుక్కుని
టీ బిల్లు వెనక రాశాను.
పది నిమిషాలకోసారి ఆయన చెప్పడం,
నేను రాయడం.
నాలుగూ ముప్పావు. నాలుగు. మూడున్నర.
టైం పక్కనే వేసుకుంటూ,
నాన్న రిజిస్టరులో గళ్ళ వరస లాగా.

ఓసారి ఫోనెత్తలేదు.
మళ్ళీ చేశాను. ఎత్తలేదు.
తెర వంక చూస్తే అదే బూడిద.
గోడ గడియారంలో రెండున్నర దాటి
రెండు నిమిషాలు.

ఇంకో ఏడు నిమిషాలు ఆగి చేశాను.
"గింజ మెత్తబడిందండి"
అన్నారు, నములుతూ.